వరస కలవని పాట

పాలకొల్లులో మేం నలుగురైదుగురం నెలకోసారి కలుస్తాం. ఎవరో ఒకరు చదివిన పుస్తకం గురించి చెబుతారు, మిగతావాళ్లు వింటారు. వినడం కన్నా మధ్యలో తగులుకోవడమే ఎక్కువ. పోయినసారి నా వంతు వచ్చింది. రైకా ఆయోకీ 2021లో రాసిన 'లైట్ ఫ్రమ్ అన్‌కామన్ స్టార్స్' అనే నవల కథ చెప్పాను. ఇంగ్లీషు నవల, జరిగేది కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలస్ పక్కన శాన్ గేబ్రియల్ లోయలో. అందులో నరకానికి ఆత్మ తాకట్టు పెట్టిన ఫిడేలు టీచరు ఉంది. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన కట్రీనా అనే ట్రాన్స్ పిల్ల ఉంది, అంటే పుట్టినప్పుడు మగపిల్లాడన్నా తను ఆడపిల్లనని చెప్పుకునే పిల్ల. ఫిడేలు అద్భుతంగా వాయిస్తుంది. డోనట్ల కొట్టు నడుపుకునే గ్రహాంతరవాసుల కుటుంబం ఉంది. డోనట్ అంటే ఏమిటని అడిగితే తీపి గారె అనేసి ముందుకెళ్లిపోయాను. అంతరిక్ష నౌక నడిపిన కెప్టెనమ్మ తాపేశ్వరంలో కాజాల కొట్టు పెట్టుకుని గల్లా దగ్గర కూర్చుందనుకోండి, అలాగన్నమాట. అక్కడిదాకా అందరూ నవ్వుతూనే విన్నారు.

కథ అయ్యాక మాలో పెద్దాయన, రిటైరైన లెక్చరరు గారు, కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు: "ఆ పిల్లకి అంత విద్య ఉంది కాబట్టి సరిపోయిందండి. విద్య ఉంటే ఎవరికైనా చోటు దొరుకుతుంది. మనవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్న మాటే అది."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఆ మాట చేపముల్లులా అడ్డం పడింది. ఆయన మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. విద్య చూసి ఇచ్చే చోటు టోల్‌గేటు లాంటిది, డబ్బు కట్టినంతసేపే గేటు లేస్తుంది. ఆ నవలలో నన్ను పట్టుకున్నది ఫిడేలు కచేరీలు కావు, ఆ పిల్లకి ఎవరెవరు ఎప్పుడెప్పుడు తిండి పెట్టారన్నది.

వచ్చిందా, వచ్చాడా

అసలు కథ చెబుతున్నప్పుడే మొదటి చిక్కు వచ్చింది. "కట్రీనా ఫిడేలు పెట్టె పట్టుకుని ఊళ్లో దిగింది" అన్నాను. వెంటనే ఒకాయన, "దిగిందా, దిగాడా?" దిగిందనే చెప్పాను. రెండు మాటల తర్వాత మళ్లీ అదే ప్రశ్న. ఆయనది వెటకారం కాదు, నిజంగానే చెవికి ఎక్కలేదు.

తెలుగు ఇక్కడ తమాషాగా ఉంటుంది. "నేను వచ్చాను" అంటే వచ్చినది ఆడో మగో తెలీదు. "నువ్వు వచ్చావు" అన్నా తెలీదు. హిందీలో నోరు తెరిచి నేను వస్తున్నాను అన్నా బయటపడిపోతుంది. మన భాషలో ఒక మనిషి తన బతుకంతా తను చెప్పుకోవచ్చు, ఎదురుగా కూర్చుని మనం వినచ్చు, గుచ్చి గుచ్చి అడగచ్చు, ఎక్కడా ఆ గొడవే రాదు. మనిషి లేచి వెళ్లిపోయి, వెనకాల మనం మాట్లాడుకోవడం మొదలెట్టాక కావాలి 'వచ్చాడు', 'వచ్చింది'.

ఎదురుగా కూడా ఒకచోట దొరికిపోతాం: ఒరేయ్, ఒసే, ఏరా, ఏమే. చనువున్న చోట తేలిపోతుంది, గౌరవం దగ్గర మళ్లీ మాసిపోతుంది. గారు ఎవరికైనా గారే. ఇక అండి సంగతి చెప్పాలా? గోదావరి వాళ్లం అండి లేకుండా ఊపిరి తీసుకోం. ఆయ్, మరేనండి, తిన్నారాండి. మేకల బేరగాడికీ అండే, మేజిస్ట్రేటుకీ అండే. ఇన్ని అండీలు పొర్లిపోయే చోట కొందరికి మాత్రం ఒక్కటీ మిగలదు. వాళ్లకి "ఏయ్, జరుగు" ఉంటుంది. ఆడమనిషికీ, గేదెకీ, బస్సుకీ అన్నిటికీ ఒకే 'వచ్చింది' ఎందుకన్నది ఇంకో పెద్ద తగువు, దాన్ని ఇవాళ ఎత్తుకోను.

ఆ రోజు మాత్రం "దిగింది" అని మూడోసారి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త గట్టిగా వచ్చింది. ఎందుకంత కోపం అని మా వాళ్లు అడిగారు. చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

రిషభం పైకి పోయే పిల్ల

నేను ఎనిమిదో తరగతిలో ఫిడేలు నేర్చుకోవడం మొదలెట్టాను, 1988లో. గురువుగారు హరికథలకి పక్కన వాయించేవారు. శ్రీరామనవమి వచ్చినా, దసరా వచ్చినా పదిహేను రోజులు ఊళ్లో కనపడేవారు కాదు. తిరిగొచ్చాక ఆ పదిహేను రోజుల నిద్రా పాఠంలోనే తీర్చుకునేవారు. చాప మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల కుడికాలి మడమ మీద ఆనించి, ఏడుగురం వరసగా కూర్చునేవాళ్లం.

ఆ ఏడుగురిలో ఒకరి పేరు రాయను. రాయొద్దని ఆమే చెప్పింది. అప్పట్లో అందరూ ఆమెని మగపిల్లాడనే అనుకునేవాళ్లు, నేనూ అలాగే అనుకుని ఒరేయ్ అనే పిలిచేదాన్ని. అందరిలోకీ వాయింపు అధ్వాన్నంగా ఉండేది ఆమెదే. మాయామాళవగౌళ రాగంలో రిషభం, అంటే రి, షడ్జాన్ని, అంటే సాని, ఆనుకుని ఉండాలి కదా. ఆమె వేలు పడితే అది పైకి జారిపోయేది. గురువుగారు కళ్లు మూసుకుని వింటూ వింటూ ఆ రిషభం దగ్గరికొచ్చేసరికి పన్ను సలిపినట్టు మొహం పెట్టేవారు. "సా పక్కన కూర్చోబెట్టరా దాన్ని. వీధి చివరికి తోలేస్తావేం?" రెండేళ్లపాటు అదే మాట. మేం గీతాలు దాటి వర్ణంలోకి వెళ్లినా ఆమె ఇంకా మొదటి పాఠాలైన సరళీ వరసల్లోనే ఉంది.

అయినా ఒక్కరోజు మానేది కాదు. వానొచ్చి కాలవ గట్టు జారుడుబల్లలా ఉన్నా వచ్చేది. సంగీతం మీద అంత ప్రేమా అనుకునేవాళ్లం.

పాఠం అయ్యాక గురువుగారి భార్య, మేమంతా అత్తయ్యగారు అనేవాళ్లం, ఆమెని వెనకవైపు వంటింట్లోకి పిలిచేవారు. మూకుడులో నిప్పుల మీద కాలిన దిబ్బరొట్టె ముక్క, అడుగు ఎర్రగా కరకరలాడేది, దాని మీద చెరుకు పానకం. మాకెవరికీ ఆ భాగ్యం లేదు. ఓ రోజు మంచినీళ్లకని వెళ్లి గుమ్మంలో ఆగిపోయాను. అత్తయ్యగారు దేవుడి పటానికి పెట్టగా మిగిలిన కనకాంబరాల మాల, బెత్తెడు ముక్క, ఆమె అరచేతిలో పెట్టారు. పెట్టుకో అనలేదు. ఎందుకో చెప్పలేదు. ఆమె దాన్ని అలా చూసి, ఫిడేలు పెట్టె తెరిచి, కమానుకి రాసే రోజిన్ బిళ్ల పెట్టుకునే చిన్న అరలో దాచి మూత వేసింది. కనకాంబరాలకి వాసన ఉండదు. మల్లెపూలైతే ఇంటి గుమ్మం దాటకుండానే పట్టించేసేవి. అత్తయ్యగారు అది ఆలోచించే ఇచ్చారని నాకు చాలా ఏళ్లకి గానీ తట్టలేదు.

పదో తరగతి పరీక్షల ముందు ఆమె ఇంట్లో ఏదో గొడవైంది. మర్నాటి నుంచి ఆమె లేదు. ఫిడేలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్ల నాన్నగారు దాన్ని తీసుకొచ్చి గురువుగారి అరుగు మీద పెట్టి, ఒక్క మాటన్నా మాట్లాడకుండా వెళ్లిపోయారు. 1996 నవంబరు తుపానుకి గురువుగారి పెంకుటిల్లు ఒకపక్క కూలినప్పుడు పోయిన వాటిలో ఆ ఫిడేలు కూడా ఉంది.

విద్య ఉంటే చోటు దొరుకుతుందన్నారు లెక్చరరు గారు. మరి రిషభం పైకి పోయేవాళ్లు?

తెర దించాక

ఆయన "మనవాళ్లు" అన్నది ఎవరినో నాకు తెలుసు. స్థానం నరసింహారావు గారు. సత్యభామ వేషం కట్టి 'మీరజాలగలడా' పాడుతుంటే ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చేవి, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ ముందుకి వేసుకుని కూర్చుంటే ఆడవాళ్లే నోరు వెళ్లబెట్టి చూసేవాళ్లు. మగవాడు ఆడదిగా మారితే ఇంత నెత్తిన పెట్టుకున్న జాతి ఇంకోటుందా అంటారాయన.

వాళ్ల కళ ముందు నేనూ దండం పెడతాను. కానీ వాళ్లు వేషం తీసేస్తారు. తెర దిగాక పంచె కట్టుకుని ఇంటికెళ్తారన్న భరోసా మీదే ఆ చప్పట్లన్నీ. వేషం తీయని మనిషి, తీయడానికి అక్కడ వేషమే లేని మనిషి ఎదురైతే అవే చేతులు వెనక్కి పోతాయి. రంగస్థలం మీద ఒప్పుకున్నాం కాబట్టి ఊళ్లోనూ ఒప్పుకున్నట్టే అనడం నాకు మింగుడుపడదు.

ఇంకో ఉదాహరణ మన డెల్టాలోనే ఉంది, దాని గురించి మాట్లాడటానికి ఇప్పటికీ ఇబ్బంది పడతాం. ముమ్మిడివరం, మురమండ, మండపేట వైపు కళావంతుల కుటుంబాలు, తరతరాలుగా ఆటా పాటా వృత్తిగా బతికినవాళ్లు. పదాలు, వర్ణాలు, గొల్లకలాపం, భామాకలాపం, విద్య అంటే అదీ విద్య. పెంచుకున్న కూతుళ్లకి ఆ విద్యంతా ధారపోసేవాళ్లు. నెత్తురు సంబంధంతో పనిలేకుండా ఇల్లు నిలబెట్టుకోవడం వాళ్లకి తెలిసినంత మాకు తెలీదు. మా రైతుల ఇళ్లలో దత్తత అంటే ముందు పొలం కాయితాలు, తర్వాతే పిల్లాడు. అంత విద్య ఉన్న ఆడవాళ్లకి పెళ్లిపందిట్లో పాడటానికి చోటుంది, పంక్తిలో కూర్చోడానికి లేదు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ పద్ధతిని నిషేధిస్తూ చట్టం తెచ్చాక మేజువాణీలు ఆగిపోయాయి. చిన్నచూపు మాత్రం ఆగలేదు. విద్యే చోటు సంపాదించి పెట్టేదైతే ఆ ఇళ్లవాళ్లు తమ అమ్మమ్మల సంగతి దాచుకోవాల్సిన ఖర్మ ఏమిటి?

ఇదంతా లెక్చరరు గారికి ఫోన్లో చెప్పాను. ఆయనేం తక్కువ తినలేదు. "మరి మీ ఫిడేలే పరాయిది కదమ్మా. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని తెచ్చారు. గొంతు ఎటు పోతే అటు పోగలదు కాబట్టే నిలబడింది. పనికిరాకపోతే ఎప్పుడో పోయేది" అన్నారు.

మంచి దెబ్బే కొట్టారు. జవాబు దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఫిడేలు నిలబడింది నిజమే. కానీ మొదటి రోజే అది తోడి రాగం పలికి ఉండదు. ముందు దాన్ని ఎవరో చాప మీద కూర్చోబెట్టారు. నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయించేదాన్ని ఒళ్లోకి తీసుకున్నారు. దాని తీగలు విప్పి స ప స ప అని మన శ్రుతికి బిగించారు. అది మన గమకం పట్టుకునేదాకా ఓపిగ్గా చెడ్డ పాట విన్నారు. చోటిచ్చిన తర్వాత వచ్చిన విద్య అది. మా పక్క శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారినే చూడండి. పురిటి ప్రాయంలోనే తల్లి పోతే పెద్దమ్మ పెంచింది. ఆ పసివాడికి విద్య ఉందో లేదో చూసి పాలు పట్టలేదు కదా ఆవిడ.

గురుదక్షిణ

ఇంత వాదించాక నవల మళ్లీ తీశాను. అప్పుడు నా కాలి కింద నేలే కదిలింది.

కట్రీనా మామూలు పిల్ల కాదు కదా. ఎవరూ నేర్పకుండా తనంతట తను వీడియో గేముల పాటలు వాయిస్తూ నేర్చుకున్న అద్భుతం. ఫిడేలు టీచరు షిజుకా సాతోమి ఆమెని ఇంటికి తీసుకెళ్లింది జాలితో కాదు. ఏడుగురు మేటి శిష్యుల ఆత్మలు అప్పగిస్తే తన ఆత్మ వెనక్కి ఇస్తానని దెయ్యంతో ఒప్పందం. ఆరుగురిని అప్పగించేసింది, ఏడో ఆత్మ కావాలి. బొటనవేలు అడిగిన ద్రోణుడు ఈవిడ ముందు ధర్మాత్ముడు. మా స్నేహితురాలి రిషభం వాయించి ఉంటే కట్రీనాని ఈ టీచరు కన్నెత్తి కూడా చూసేది కాదు. మరి ఈ పుస్తకం లెక్చరరు గారి పక్షమేగా? అందరికీ దూరమైన పిల్లని ఆదుకోవాలంటే ఆ పిల్లని మహావిద్వాంసురాలిని చెయ్యక తప్పలేదు రచయిత్రికి. ఆయోకీ స్వయంగా ట్రాన్స్ మహిళ, కవి, పాటలు కట్టే మనిషి. ఆవిడకి కూడా ఆ టోల్‌గేటు తప్పలేదా అనిపించింది.

ఆ అనుమానం నాకు పూర్తిగా పోలేదు. అయితే రెండోసారి చదివితే రెండు సంగతులు కనపడ్డాయి. కట్రీనా వీడియోల కింద జనం రాసే మాటలు ఒకటి. పాట బాగుందని ఒప్పుకుంటూనే ఇది ఆడా మగా అని పొడుస్తారు. అంటే అంత విద్య ఉన్నా గేటు లేవలేదు. రెండోది ఆ ఇంట్లో వంట చేసే ఆస్ట్రిడ్. ఆవిడకి ఆత్మల బేరంతో పనిలేదు, బార్టోక్ అనే స్వరకర్త 1944లో ఒంటి ఫిడేలుకి రాసిన ఆ మొండి సొనాటాతోనూ పనిలేదు. పిల్ల తిన్నదా లేదా అన్నదే ఆవిడ లెక్క. చదువుతున్నంతసేపూ నాకు దిబ్బరొట్టె వాసనే వచ్చింది. టీచరు మనసు మారడం కూడా వేదిక మీద కన్నా ఇంట్లోనే ఎక్కువ జరుగుతుంది. ముగింపు చెప్పను, చదువుకోండి.

రక్తసంబంధం లేకుండా ఏర్పడే ఈ కుటుంబాన్ని తెలుగులో ఏమనాలని మా గుంపులో చాలాసేపు కొట్టుకున్నాం. నాకు నచ్చినది మన పాత మాటే, వరసలు కలుపుకోవడం. రావులపాలెంలో బస్సెక్కి సిద్ధాంతం వంతెన దాటేలోపు పక్కసీటావిడ మీకు పిన్ని అయిపోతుంది. పాటకి కట్టేదీ వరసే, మనుషుల మధ్య కలిపేదీ వరసే.

అలాగని వరస కలిస్తే అంతా తేనె కాదు. హిజ్రాల ఇళ్లలోనూ గురువు ఉంటుంది, చేలాలు, అంటే శిష్యురాళ్లు, ఉంటారు, గురువుకి గురువు నానీ ఉంటుంది. ఇంటివాళ్లు గెంటేసిన పిల్లకి అన్నం, పేరు, రోగమొస్తే పక్కన కూర్చునే మనిషి అక్కడే దొరుకుతాయి. సంపాదనలో గురువు వాటా కూడా అక్కడే ఉంటుంది, ఇల్లు మారాలంటే కట్టాల్సిన జరిమానా కూడా. రేవతి అనే హిజ్రా రాసుకున్న ఆత్మకథని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు, దానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. అది చదివినవాళ్లకి ఈ ప్రేమా ఈ పెత్తనమూ ఒకే చేతి రెండు పక్కలని తెలుసు. కాబట్టి శిష్యురాలి ఆత్మకి వెల కట్టే గురువు నాకు పూర్తిగా కల్పనలా అనిపించలేదు.

కోర్టు ఈ విషయంలో మనకన్నా నయం. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, ఎవరి లింగం ఏమిటో వాళ్లే చెప్పుకోవచ్చని తీర్పిచ్చినప్పుడు, నీకేం వచ్చు, ఒక కీర్తన పాడు అనలేదు.

పంటు మీద

ఆమె మళ్లీ కనపడింది రెండు నెలల కిందట. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే నరసాపురం పంటు ఎక్కాను. వంతెన వస్తుందని మా నాన్నగారి కాలం నుంచీ వింటున్నాం, పంటే గతి. మోటారు సైకిళ్లు, ఒక కారు, కొబ్బరికాయల బస్తాలు. టిక్కెట్లు కోసే కుర్రాడు అందరినీ "సర్దుకోండి, లోపలికి రండి" అంటూ వచ్చి, రెయిలింగు దగ్గర నిలబడ్డావిడతో "ఏయ్, అటు జరుగు" అన్నాడు. ఆవిడ జరగలేదు. చిల్లర లెక్కపెట్టి అతని చేతిలో పోసి, "జరిగానండి బాబూ, నలభై ఏళ్లుగా జరుగుతూనే ఉన్నానండి" అంది. జనం నవ్వారు. ఆ గొంతు నాకు తెలుసు.

దగ్గరికెళ్లి నిలబడ్డాను. ఏమని పిలవాలో తోచలేదు. ఒరేయ్ అనలేను. పేరు ఏం మార్చుకుందో తెలీదు. చివరికి "మీరు... గురువుగారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు కదండీ?" అన్నాను. పైన అంత గొప్పగా రాశానే, ఆ అండి వాడాను.

నన్ను ఎగాదిగా చూసి, "అండీ ఏంటే? ఊరు దాటొచ్చి పరాయిదాన్నయిపోయానా?" అంది.

అప్పుడు ఏమే అన్నాను. మొదటిసారి నాలుక కాస్త తడబడింది. రెండోసారికి అలవాటైపోయింది.

నది దాటేలోపు ఎన్ని కబుర్లు పడతాయి? పింఛను వస్తోందంది, 1,500తో మొదలైనది ఇప్పుడు 4,000. కలెక్టరు గారిచ్చిన గుర్తింపు కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి, జాకెట్లోంచి తీసి చూపించింది. తనతో నలుగురు పిల్లలున్నారని, అందులో ఒకతి నర్సింగు చదువుతోందని చెప్పింది. పిల్లలు అన్నది చేలాలని. గురువుగారు పోయారని తెలుసు. అత్తయ్యగారు పోయిన సంగతి తెలీదు. చెప్పాక కాసేపు నీళ్లవైపు చూసింది.

"ఫిడేలు మళ్లీ పట్టుకున్నావా?" అని అడిగాను.

"నాకెక్కడ వచ్చి చచ్చిందే అది. నీకు తెలీదా? రొట్టె కోసం వచ్చేదాన్ని" అని పెద్దగా నవ్వింది.

పంటు నరసాపురం గట్టుకి తగులుకుని అందరం ముందుకి తూలాం. సంచీ భుజాన వేసుకుంటూ ఆదివారం భోజనానికి రమ్మంది. ఇల్లు ఎక్కడో గుర్తులు చెప్పింది, ఫోను నంబరిచ్చింది. "పాడమని అడగన్లే, తిని పో" అంది.

మొదటి ఆదివారం మా ఇంట్లో చుట్టాలు. రెండో ఆదివారం వాన. ఆ తర్వాత సాకు కూడా వెతకలేదు. ఈ వ్యాసం రాస్తుండగా ఎనిమిది ఆదివారాలు దాటాయి, నేనింకా పంటెక్కలేదు.